ఒక యంత్రం, ఇద్దరు పిల్లలు

బాలలూ, పరమానందయ్యగారి శిష్యుల కథ మీరు వినే ఉంటారు. ఒకసారి వాళ్లందరూ కలిసి ఏరు దాటారు. అవతలి గట్టు చేరగానే వాళ్లకు ఒక సందేహం కలిగింది. "మనలో ఎవడైనా ఏట్లో కొట్టుకుపోలేదు గదా!" అనుకున్నారు. ఒకడు అందరినీ లెక్కపెట్టాడు. ఒకడు తక్కువ వచ్చాడు. "నీకు లెక్క రాదు, ఉండు" అంటూ మరొకడు లెక్కపెట్టాడు. మళ్లీ ఒకడు తక్కువే! ఇంకేముంది? పోయినవాడి కోసం అందరూ ఘొల్లుమన్నారు. అంతలో ఆ దారిన పోయే మనిషి ఒకడు వచ్చాడు. వాళ్లను వరసగా నిలబెట్టి లెక్కపెట్టి, "అందరూ ఉన్నారు గదయ్యా!" అన్నాడు.

ఇందులో తమాషా ఏమిటి? లెక్కపెట్టిన ప్రతివాడూ తనను తాను వదిలేశాడు. వాళ్లకు అంకెలు రాక కాదు. లెక్కపెట్టేవాడి వేలు అందరి వైపూ తిరుగుతుంది గాని తన వైపు తిరగదు. అందుకే ఆ తప్పు వాడికి కనిపించలేదు. పక్కన నిలబడి చూసినవాడికి ఇట్టే కనిపించింది.

ఈ కథ చెప్పి నేను ముప్పై ఏళ్లు పిల్లలను నవ్వించాను. కాని దాని అర్థం నాకు తెలిసింది మాత్రం ఉద్యోగం విరమించటానికి కొద్ది కాలం ముందే. అది తెలియజెప్పింది ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి.

మా బడిలో జరిగిన సంగతి

నేను ఒక పల్లెటూరి హైస్కూల్లో లెక్కల మాస్టరుగా చేరి హెడ్మాస్టరునయ్యాను. 2017లో మా బడిలో పదకొండు కంప్యూటర్లు ఉండేవి. వాటిలో రెండు పనిచేసేవి కావు. తొమ్మిదో తరగతిలో ముప్పై ఆరుగురు పిల్లలు. సగం మందిని ఒకసారి, సగం మందిని మరొకసారి తీసుకుపోయినా, ఒక్కొక్క యంత్రం ముందు ఇద్దరు చొప్పున కూర్చోవలసిందే. యంత్రాలు చాలవు గదా అని నేను విచారించేవాణ్ణి. చురుకైన పిల్లవాడి పక్కన, మాట్లాడని పిల్లను కూర్చోబెట్టాను. ఆ పిల్ల చూసి నేర్చుకుంటుందనుకున్నాను. దానికి తోడు ఇంకొక నియమం పెట్టాను. గదిలో ఎవరూ మాట్లాడరాదు!

కోడింగు అంటే ఏమిటో తెలియని చిన్నపిల్లలకు ఒక మాట చెప్పాలి. కంప్యూటరు తనంతట తాను ఏమీ ఆలోచించి చేయదు. మనం వరసగా రాసి ఇచ్చిన ఆజ్ఞలను పొల్లుపోకుండా అమలుచేస్తుంది. ఆ ఆజ్ఞల వరసకే ప్రోగ్రాము అని పేరు. యంత్రానికి అర్థమయే భాషలో ఆ ఆజ్ఞలు రాయటమే కోడింగు. అలాటి భాషలు చాలా ఉన్నాయి. మా పిల్లలు నేర్చుకున్నది పైథాన్ అనే భాష. హాలెండు దేశస్థుడు గీడో వాన్ రోసమ్ తయారుచేసిన ఈ భాష 1991లో బయటికి వచ్చింది.

ఆ ఏడు సైన్సు ప్రదర్శనకు ఒక కుర్రవాడూ, అతని పక్కన కూర్చునే అమ్మాయీ ఒక ప్రోగ్రాము పెట్టారు. ఏదైనా సంవత్సరం చెబితే, అది లీపు సంవత్సరం అవునో కాదో యంత్రం చెబుతుంది. కుర్రవాడు రాసిన ఆజ్ఞల సారాంశం ఇది:

సంవత్సరాన్ని నాలుగుతో భాగించు. శేషం లేకపోతే "లీపు సంవత్సరం" అని చెప్పు. శేషం ఉంటే "కాదు" అని చెప్పు.

ప్రదర్శన నాడు ఆ బల్ల చుట్టూ జనం మూగారు. అందరూ తాము పుట్టిన సంవత్సరాలు చెబుతున్నారు. యంత్రం టక్కున జవాబు చెబుతున్నది. కుర్రవాడి ముఖం వెలిగిపోతున్నది. అప్పుడు మా ఊరి రిటైరైన పోస్టుమాస్టరుగారు ముందుకు వచ్చి, "1900 వెయ్యి నాయనా" అన్నారు. కుర్రవాడు వేశాడు. "లీపు సంవత్సరం" అన్నది యంత్రం.

"తప్పు! ఆ ఏడు ఫిబ్రవరికి ఇరవై ఎనిమిది రోజులే" అన్నారు పోస్టుమాస్టరుగారు.

"కంప్యూటరు తప్పు చెప్పదండీ, తాతగారూ!" అన్నాడు కుర్రవాడు.

"అది చెప్పకపోవచ్చు. దానికి చెప్పినవాడు చెప్పొచ్చు గదా!" అన్నారాయన.

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. కుర్రవాడికి కళ్లనీళ్లు తిరిగాయి. బల్ల పక్కన నిలబడిన అమ్మాయి తల వంచుకున్నది.

సాయంత్రం ఇద్దరినీ నా గదికి పిలిచాను. "వాడంటే మరిచిపోయాడు. వందల సంవత్సరాల సంగతి నీకూ తెలియదా అమ్మా?" అని అమ్మాయిని అడిగాను.

"తెలుసండీ. ఆరో తరగతిలో మీరే చెప్పారు" అన్నది.

"మరి చెప్పలేదేం?"

అమ్మాయి కొంచెంసేపు ఊరుకుని, "గదిలో మాట్లాడవద్దన్నారు గదండీ!" అన్నది.

నాకు నోట మాట రాలేదు. కొంత సేపటికి, "పోనీ, ఈ ఏడాదిలో ఆ కీబోర్డు మీద ఎన్నిసార్లు చెయ్యి వేశావు?" అని అడిగాను.

"రెండుసార్లండీ. దుమ్ము తుడవటానికి" అన్నది.

బాలలూ, నా ఉద్యోగకాలంలో ఎందరో ఇన్‌స్పెక్టర్లు నన్ను ప్రశ్నలడిగారు. ఏ ప్రశ్నకూ నేను అంతగా సిగ్గుపడలేదు. తప్పు తెలిసిన మనిషి ఏడాది పొడుగునా పక్కనే కూర్చున్నది. చెప్పటానికి నోరు లేకుండా చేసినవాణ్ణి నేనే. ఇద్దరు పిల్లలను ఒక యంత్రం ముందు కూర్చోబెట్టానే గాని, ఇద్దరికీ పని ఇవ్వలేదు.

లారీ డ్రైవరూ, క్లీనరూ

అప్పుడు నేను పుస్తకాలు తిరగవేశాను. ఒక యంత్రం ముందు ఇద్దరు కూర్చుని ఒకే ప్రోగ్రాము రాయటం లేమి వల్ల చేసే పని కాదనీ, దాన్ని కావాలనే చేసేవారున్నారనీ, దానికి "జంట ప్రోగ్రామింగు" అని ఒక పేరు కూడా ఉన్నదనీ తెలిసింది.

ఈ పద్ధతి ఇలా ఉంటుంది. ఒకరు కీబోర్డు పట్టుకుంటారు. వారిని "నడిపేవారు" అందాం. రెండవవారు పక్కన కూర్చుని ప్రతి పంక్తీ చదువుతారు. వారు "దారి చూసేవారు". ఇరుకు సందులో లారీ వెనక్కు రావటం మీరు చూసే ఉంటారు. డ్రైవరు చక్రం పట్టుకుంటాడు. క్లీనరు దిగి వెనక నిలబడి, "రానీ, రానీ... ఆపు!" అని కేకలు వేస్తాడు. డ్రైవరుకు కనిపించని గోడ క్లీనరుకు కనిపిస్తుంది. జంట ప్రోగ్రామింగు కూడా ఇలాటిదే.

కాని ఒక భేదం ఉన్నది. లారీలో క్లీనరు ఎప్పుడూ క్లీనరే. ఇక్కడ అలా కాదు. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఇద్దరూ చోట్లు మార్చుకోవాలి. నడిపేవారు దారి చూడాలి, దారి చూసేవారు నడపాలి. నేను మా బడిలో వదిలేసింది సరిగా ఈ భాగాన్నే.

కీబోర్డు చేతిలో ఉన్నవారి మనసు ఆ క్షణంలో చేసే చిన్న పని మీద ఉంటుంది. చుక్క పెట్టానా, అక్షరం సరిగా కొట్టానా అని చూసుకుంటుంటారు. అప్పుడు వారికి ముందున్న గుంట కనిపించదు. పక్కనున్నవారికి చేతిపని లేదు గనక, "ఇది ఎటు పోతున్నది? ఎక్కడ బోల్తా పడుతుంది?" అని ఆలోచించే తీరిక ఉంటుంది.

ఎనియాక్ ముందు ఇద్దరు యువతులు

ఇద్దరు కలిసి ఆజ్ఞలు రాయటం కొత్త సంగతి కాదు. కంప్యూటర్లు పుట్టిన నాటి నుంచీ ఉన్నది.

1946 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎనియాక్ అనే మహాయంత్రాన్ని లోకానికి చూపించారు. దాని బరువు సుమారు 30 టన్నులు. అందులో దాదాపు 18,000 వాల్వులుండేవి. దానికి ఇప్పటిలాగా కీబోర్డు మీద ఆజ్ఞలు రాసే వీలు లేదు. వందలకొద్దీ తీగలు కలపాలి, మీటలు తిప్పాలి. అదే దాని ప్రోగ్రాము. ఆ పని చేసినవారు ఆరుగురు యువతులు. వారిలో బెట్టీ స్నైడర్, జీన్ జెన్నింగ్స్ అనే ఇద్దరు ఒక జంటగా పనిచేశారు.

ఫిరంగి గుండు ఏ దారిన పోయి ఎక్కడ పడుతుందో లెక్కకట్టే ప్రోగ్రామును ప్రదర్శనకు సిద్ధంచేయటం ఈ ఇద్దరి వంతయింది. ఒకరు చేసినదాన్ని రెండవవారు పరీక్షించేవారు. తన తప్పు అవతలి మనిషి పట్టుకుంటే నొచ్చుకునేవారు కారు, సంతోషించేవారు. తీరా ప్రదర్శనకు ముందు రాత్రి ఒక చిక్కు వచ్చిపడింది. లెక్కలో గుండు నేలను తాకిన తరువాత కూడా ఆగటం లేదు, భూమిలోకి చొచ్చుకుపోతున్నది! ఇద్దరూ చాలా పొద్దుపోయేదాకా వెతికారు. తప్పు దొరకలేదు. బెట్టీ ఇంటికి పోయి పడుకున్నది. మర్నాడు తెల్లవారి వచ్చి, తిన్నగా యంత్రం దగ్గరికి పోయి ఒకే ఒక మీట మార్చింది. అంతే, గుండు నేల మీద ఆగిపోయింది.

ఫిబ్రవరి 15న జరిగిన ప్రదర్శనలో, 30 సెకన్లు ప్రయాణం చేసే గుండు దారిని ఎనియాక్ 20 సెకన్లలో లెక్కకట్టింది. అంటే గుండు నేల మీద పడకముందే, అది ఎక్కడ పడేదీ తేలిపోయిందన్నమాట!

ఈ కథలో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, ఇద్దరు కలిసి వెతకటం. రెండవది కూడా గమనించండి. చివరి మీట బెట్టీకి ఒంటరిగా, విశ్రాంతి తరువాత స్ఫురించింది. కలిసి పనిచేయటమంటే ఒంటరిగా ఆలోచించటం మానేయమని కాదు.

విద్యార్థుల విషయానికి వస్తే, ఫ్రెడ్ బ్రూక్స్ అనే ఆయన 1953-56 మధ్య హార్వర్డు విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు, బిల్ రైట్ అనే తోటి విద్యార్థితో కలిసి 1,500 పంక్తుల ప్రోగ్రాము రాశాడు. అది మొదటిసారి నడపగానే తప్పు లేకుండా నడిచింది. ప్రోగ్రాములు రాసేవారిని ఎవరినైనా అడగండి, ఇది ఎంత అరుదైన సంగతో చెబుతారు. ఈ బ్రూక్సే తరువాత ఐ.బి.ఎం. కంపెనీలో మహాయంత్రాల నిర్మాణానికి నాయకత్వం వహించి, 1999లో ట్యూరింగ్ బహుమతి పొందాడు.

1999లోనే కెంట్ బెక్ అనే ఆయన ప్రోగ్రాములు రాసే కొత్త పద్ధతులను గురించి పుస్తకం రాస్తూ, జంటగా రాయటం ఒక ముఖ్యమైన నియమంగా పెట్టాడు. అప్పటి నుంచీ ఈ పద్ధతికి బాగా ప్రచారం కలిగింది.

ఇద్దరి కాలం వృథా కాదా?

లెక్క తెలిసిన పిల్లలు వెంటనే ఒక ప్రశ్న వేస్తారు. "ఒకరు చేసే పనికి ఇద్దరు కూర్చుంటే రెట్టింపు కాలం ఖర్చు కాదా, మాస్టారూ?" అని. మంచి ప్రశ్న. ఈ ప్రశ్నను పరీక్షించి చూసినవారున్నారు.

1999లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో లోరీ విలియమ్స్ అనే ఆమె 41 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం చేసింది. వారిలో 13 మంది ఒంటరిగా ప్రోగ్రాములు రాశారు. మిగిలిన 28 మంది 14 జంటలుగా రాశారు. అందరికీ ఒకే పని. పని అలవాటు పడిన తరువాత చూస్తే, జంటలోని ఇద్దరి కాలమూ కలిపి ఒంటరివారి కాలం కన్న సుమారు 15 శాతం మాత్రమే ఎక్కువయింది. జంటలు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు సుమారు 15 శాతం తక్కువ ఉన్నాయి.

దీన్ని మన లెక్కలోకి దింపుదాం. ఒంటరిగా ఒకరికి 100 నిమిషాలు పట్టే పని అనుకోండి. జంటకు ఇద్దరి కాలమూ కలిపి 115 నిమిషాలు. అంటే గోడ గడియారం ప్రకారం ఒక గంట కన్న తక్కువలోనే పని ముగుస్తుంది. ఖర్చయింది రెట్టింపు కాలం కాదు, పదిహేను నిమిషాలే ఎక్కువ. ఆ పదిహేను నిమిషాలకు మనకు దొరికినది తప్పులు తక్కువగా ఉన్న ప్రోగ్రాము. ఒక తప్పును ముందే పట్టుకోవటం తేలిక. ప్రదర్శన నాడు, పదిమంది ఎదుట పట్టుబడితే ఎంత కష్టమో మా కుర్రవాణ్ణి అడగండి!

చోట్లు మారిన తరువాత

మరుసటి వారం నేను నా నియమాన్ని తలకిందులు చేశాను. గదిలో మాట్లాడని జంటకు పని రద్దు! పావుగంటకొకసారి గంట కొట్టేవాణ్ణి. గంట కొట్టగానే కుర్చీలు మారాలి.

ఆ కుర్రవాడూ, అమ్మాయీ మళ్లీ లీపు సంవత్సరానికే కూర్చున్నారు. ఈసారి కీబోర్డు అమ్మాయి చేతిలో ఉన్నది.

ఇంతకీ, లీపు సంవత్సరం లెక్క పూర్తిగా చెప్పలేదు గదా! ఋతువులు ఒక చుట్టు తిరిగి రావటానికి భూమికి సుమారు 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 45 సెకన్లు పడుతుంది. ఆరు గంటలైతే నాలుగేళ్లకు సరిగా ఒక రోజు అయ్యేది. కాని ఆరు గంటలకు పదకొండు నిమిషాలు తక్కువ. ఈ పదకొండు నిమిషాలే నాలుగు వందల ఏళ్లకు సుమారు మూడు రోజులవుతాయి. అందుచేత 1582లో పోప్ పదమూడవ గ్రెగరీ కాలంలో కాలెండరును సవరించి, నాలుగు వందల ఏళ్లకు మూడు లీపు సంవత్సరాలను తగ్గించారు. వందతో భాగించబడే సంవత్సరం నాలుగు వందలతో కూడా భాగించబడితేనే లీపు సంవత్సరం. కనక 2000 లీపు సంవత్సరం. 1900 కాదు.

అమ్మాయి ఇలా రాయసాగింది. మొదటి ప్రశ్న, సంవత్సరం నాలుగుతో పోతుందా? పోతే "లీపు" అని చెప్పి ముగించు. రెండవ ప్రశ్న, వందతో పోతుందా? పోతే "కాదు" అని చెప్పు...

"ఆగు, ఆగు! 1900 వేస్తే ఏమవుతుంది?" అన్నాడు కుర్రవాడు.

"వందతో పోతుంది గనక కాదంటుంది" అన్నది అమ్మాయి.

"అంతదాకా పోతుందా అసలు? మొదటి ప్రశ్న దగ్గరే 'లీపు' అని చెప్పి ముగించేస్తుంది గదా!"

అమ్మాయి తెర వంక తేరిపార చూసి, నుదురు కొట్టుకుని నవ్వింది. నియమం తెలిసిన పిల్లే. కాని ప్రశ్నల వరస తప్పింది. అది రాసేవారికి కనిపించలేదు, చూసేవారికి కనిపించింది. మొన్న కుర్రవాడి తప్పు అమ్మాయికి తెలిసింది. ఇవాళ అమ్మాయి తప్పు కుర్రవాడికి తెలిసింది. ఇద్దరూ కలిసి వరస ఇలా మార్చారు:

నాలుగు వందలతో పోతుందా? పోతే లీపు సంవత్సరం.
పోకపోతే, వందతో పోతుందా? పోతే కాదు.
అదీ పోకపోతే, నాలుగుతో పోతుందా? పోతే లీపు సంవత్సరం.
ఏదీ కాకపోతే, కాదు.

తరువాత 2024, 2023, 1900, 2000 వేసి చూశారు. నాలుగూ సరిగా వచ్చాయి. కుర్రవాడు పోస్టుమాస్టరుగారిని పిలుచుకువస్తానని పరిగెత్తాడు. ఆయన వచ్చి అన్నీ వేసి చూసి, ఇద్దరికీ తలా ఒక పెన్ను ఇచ్చి పోయారు.

ఈ తప్పు పల్లెటూరి పిల్లలే చేశారనుకోకండి. 1983లో అమ్మకానికి వచ్చిన లోటస్ వన్ టూ త్రీ అనే పట్టికల ప్రోగ్రాము 1900ను లీపు సంవత్సరంగానే లెక్కించేది. దాని పాత పట్టికలు చెడిపోకుండా ఉండటానికి, తరువాత వచ్చిన ఎక్సెల్ కూడా ఆ తప్పును కావాలనే ఉంచింది. ఈనాటికీ ఎక్సెల్ లెక్కలో 1900 ఫిబ్రవరి 29 అనే తారీఖు ఉన్నది. లేని రోజు!

కొద్ది వారాల్లో ఆ గది సంతలాగా తయారయింది. ఒకనాడు పై అధికారి ఒకాయన వరండాలో నడుస్తూ, "ఏమిటండీ, ఈ గోల?" అన్నాడు. "పాఠం జరుగుతున్నదండీ" అన్నాను. ఆయన లోపలికి వచ్చి పది నిమిషాలు నిలబడి విని, మరేమీ అనకుండా పోయాడు.

అన్ని జంటలూ చక్కగా కుదిరాయని చెప్పను. ఒక జంటలో ఇద్దరూ మౌనమే. ఒక జంటలో ఒకడు రెండవవాడి చెయ్యి తోసేసేవాడు. మరీ చురుకైనవాడినీ, మరీ వెనకబడినవాడినీ జతచేస్తే మొదటివాడు విసుక్కుంటాడు, రెండవవాడు ముడుచుకుపోతాడు. దాదాపు ఒకే స్థాయిలో ఉన్న ఇద్దరిని కలిపితే ఇద్దరూ కదులుతారు. ఈ సంగతి నాకు నాలుగు నెలలు తప్పులు చేస్తే గాని తెలియలేదు.

మీరు చేయవలసినది

ఇక మీరు మీ స్నేహితులతో కలిసి కోడింగు నేర్చుకునేటప్పుడు ఈ సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి. నడిపేవారు తాము చేసేది పైకి చెబుతూ చేయాలి. "ఇప్పుడు దీన్ని నాలుగుతో భాగిస్తున్నాను, ఎందుకంటే..." అని నోటితో చెప్పేటప్పుడే చాలా తప్పులు బయటపడతాయి. అర్థం కానిదాన్ని ఎవరూ వివరించలేరు.

రెండు. దారి చూసేవారు కీబోర్డు లాక్కోకూడదు. "తప్పు!" అని అరిచే బదులు, "1900 వేస్తే ఏమవుతుంది?" అని అడగండి. అలా అడిగితే అవతలివారు తమ తప్పు తామే కనుక్కుంటారు.

మూడు. తెలియకపోతే తెలియలేదని చెప్పండి. తెలిసినట్టు తల ఊపటం అన్నిటికన్న చెడ్డ అలవాటు. మీరు తల ఊపితే అవతలివారు ముందుకు పోతారు, మీరు అక్కడే నిలిచిపోతారు.

నాలుగు. గడియారం చూసుకుని చోట్లు మార్చుకోండి. పని బాగా సాగుతున్నదని అలాగే కూర్చోకండి.

అయిదు. మర్నాడు అలాటి ప్రోగ్రామునే ఎవరికి వారు ఒంటరిగా రాసి చూసుకోండి. రాయగలిగితే మీరు నేర్చుకున్నారన్నమాట. రాయలేకపోతే, నిన్న పక్కవారు నేర్చుకుంటూంటే మీరు చూశారన్నమాట. నేను ప్రతి శనివారం ఈ పరీక్ష పెట్టేవాణ్ణి. ఆ పరీక్షలు మొదలైన మూడో వారానికి, కీబోర్డు తుడిచిన అమ్మాయి తన ప్రోగ్రాము తానే రాసింది.

తోడు ఎవరూ దొరకకపోతే? ప్రోగ్రాములు రాసేవారిలో ఒక సరదా అలవాటు ఉన్నది. కొందరు బల్ల మీద ఒక రబ్బరు బాతు బొమ్మను పెట్టుకుని, తాము రాసినదాన్ని పంక్తి పంక్తీ దానికి వివరిస్తారు. బాతు మాట్లాడదు. కాని వివరిస్తుండగానే తప్పు తెలిసిపోతుంది. మీ ఇంట్లో బాతు లేకపోతే కొండపల్లి బొమ్మ అయినా సరే!

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లలు స్నేహితుడితో కలిసి కంప్యూటరు ముందు కూర్చుని మాట్లాడుకుంటుంటే, "కబుర్లు కట్టిపెట్టి చదువుకోండి" అని గదమాయించబోయే ముందు ఒక నిమిషం చెవి ఒగ్గి వినండి. సినిమా కబుర్లయితే తప్పక గదమాయించండి. "ఇది ఎందుకు ఇలా వచ్చింది?" అనే మాట వినిపిస్తే మాత్రం, చప్పుడు చేయకుండా రెండు గ్లాసుల మజ్జిగ అక్కడ పెట్టి వచ్చేయండి. ఇంకొకటి, ఆ ఇద్దరిలో కీబోర్డు ఎప్పుడూ ఎవరి చేతిలో ఉంటున్నదో కనిపెట్టండి. అక్క పక్కన తమ్ముడు, అన్న పక్కన చెల్లెలు కూర్చున్నా సరే, ఇద్దరికీ వంతు రావాలి.

చివరికి మీకు ఒక చిన్న లెక్క. కంప్యూటరు అక్కరలేదు, కాగితం చాలు. 2001 నుంచి 2100 దాకా ఎన్ని లీపు సంవత్సరాలున్నాయి? రెండు చివరలనూ జాగ్రత్తగా చూసుకోండి. ఒకరు లెక్కపెట్టండి, ఒకరు పక్కన ఉండి చూడండి. తరువాత చోట్లు మార్చుకుని మళ్లీ లెక్కపెట్టండి.